ఆ పళ్లెం ఎవరి పూచీ?

సింగపూర్‌లోని ఆంగ్ మో కియోలో తెలుగు తల్లిదండ్రుల సభలో చదివిన స్మారకోపన్యాసం పాఠం

కెనడాలో అంటారియో రాష్ట్రంలో పెంబ్రోక్ అని ఒక చిన్న పట్నం ఉంది. 2003 సెప్టెంబరు 29న అక్కడి హైస్కూలు క్యాంటీన్‌లో సబ్రీనా షానన్ అనే పదమూడేళ్ల అమ్మాయి ఫ్రెంచ్ ఫ్రైస్ కొనుక్కుంది. వేరుశనగ, పాలు, సోయా మూడూ ఆ పిల్లకు పడవు. ఏ నూనెలో వేయించారో ముందే అడిగి, వేరుశనగ నూనె కాదని తెలిశాకే తిన్నది. క్లాసులో కూర్చున్నాక ఆయాసం మొదలైంది. ఉబ్బసం కూడా ఉండటంతో అదేలే అనుకుంది. ఆఫీసు గదికి వెళ్లింది. ప్రాణం నిలిపే ఇంజెక్షన్ పెన్ లాకర్‌లో ఉండిపోయింది. అది తెచ్చేలోపే కుప్పకూలింది. మర్నాడు కన్నుమూసింది. అదే క్యాంటీన్‌లో ఫ్రైస్ మీద జున్నుముక్కలు వేసి అమ్మే వంటకం కూడా ఉండేది. దానికీ దీనికీ ఒకటే పట్టకారు వాడటం వల్ల పాలపదార్థం అంటి ఉంటుందని తర్వాత తేల్చారు. నూనె గురించి అడిగిన పిల్లకు పట్టకారు గురించి అడగాలని తోచలేదు. తోచవలసింది ఆ పిల్లకు కాదు.

స్మారకోపన్యాసమంటే సాధారణంగా పెద్దవాళ్లను తలుచుకుంటాం. బడిపిల్లల తిండి గురించి మాట్లాడే చోట మాత్రం ముందు తలుచుకోవలసింది ఈ పిల్లనే. ఎందుకంటే సబ్రీనా తన ఎలర్జీ సంగతి తెలియని పిల్ల కాదు. పదేళ్ల వయసులోనే, 2001లో, కెనడా జాతీయ రేడియోలో తన ఎలర్జీ గురించి తానే ఒక కార్యక్రమం చేసింది. ఏది తినాలో, ఏది తినకూడదో, ఎలా అడగాలో తెలిసిన పిల్ల. ఆమె చుట్టూ ఉన్న ఏర్పాటుకే అవేవీ తెలియవు. అంటారియో శాసనసభ్యుడు డేవ్ లెవాక్ తెచ్చిన బిల్లు 2005లో ఆమోదం పొంది, 2006 జనవరి 1 నుంచి ‘సబ్రీనా చట్టం’గా అమల్లోకి వచ్చింది. ప్రతి బడిలోనూ ప్రాణాంతక ఎలర్జీల మీద ఒక విధానం ఉండాలి. ఎలర్జీ ఉన్న ప్రతి పిల్లకూ విడిగా ఒక ప్రణాళిక రాసి పెట్టాలి. సిబ్బందికి క్రమం తప్పకుండా శిక్షణ ఇవ్వాలి. ఆపద ముంచుకొచ్చినప్పుడు ముందస్తు అనుమతి లేకపోయినా టీచరు ఇంజెక్షన్ ఇవ్వవచ్చు, మంచి ఉద్దేశంతో ఇచ్చినందుకు ఎవరూ ఆమె మీద దావా వేయలేరు. చట్టం చెప్పేది ఇంతే. చదవడానికి సాదా విషయాలు. కానీ భారం పిల్ల భుజం మీంచి పెద్దల భుజం మీదికి మారింది.

ఈ సంగతి ఆంగ్ మో కియోలో చెప్పుకోవడానికి కారణముంది. 1970ల్లో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ కట్టిన ఈ పట్నంలో ఇల్లు, బడి, మార్కెట్, హాకర్ సెంటర్ అన్నీ నాలుగడుగుల్లో ఉంటాయి. పిల్లలు పుట్టిన్నాటి నుంచీ బయటి తిండి వాసనల మధ్యే పెరుగుతారు. ఆంధ్రలో, తెలంగాణలో ప్రైవేటు బడికి వెళ్లే పిల్లకు అమ్మ కట్టిన క్యారియర్ ఉంటుంది. అందులో ఏముందో అమ్మకు తెలుసు. ఇక్కడ ప్రైమరీ వన్‌లో చేరిన ఏడేళ్ల పిల్లవాడు అరగంట రీసెస్‌లో తన స్టాల్ తానే ఎంచుకుని, చేతిలోని నాణేలతోనో మణికట్టు మీది స్మార్ట్ వాచ్‌తోనో తానే డబ్బు కట్టి, పళ్లెం మోసుకొచ్చుకుని తింటాడు. పిల్లలకు అది మంచి అలవాటే. ఎలర్జీ ఉన్న పిల్లకు మాత్రం అదే రోజూ ఎదురయ్యే పరీక్ష.

ఆ కౌంటర్‌ను కాస్త దగ్గరగా చూడాలి. నాసీ లెమాక్ పళ్లెంలో కొబ్బరిపాలతో వండిన అన్నం, దాని పక్కన వేయించిన నెత్తళ్లు, వేరుశనగ పప్పులు, కోడిగుడ్డు, రొయ్యల ముద్ద కలిపి నూరిన సాంబల్. ఒక్క పళ్లెంలోనే చేప, వేరుశనగ, గుడ్డు, రొయ్య నాలుగూ ఉన్నాయి. ‘పీనట్ వద్దు ఆంటీ’ అంటే స్టాల్ ఆంటీ మంచి మనసుతోనే పప్పులు పక్కకు తీసేస్తుంది. పప్పులూ నెత్తళ్లూ కలిసి ఉన్న డబ్బా అదే, చేతికున్న గ్లవ్ అదే, గరిటె అదే. నూడుల్స్ స్టాల్లో సోయాసాస్ ఉంటుంది, అందులో గోధుమ కలిసి ఉండవచ్చు. ఆయిస్టర్ సాస్ సరేసరి. సాటే, రొజాక్, పొపియా, మువాచీ, మిన్ జియాంగ్ కుయే అన్నిటిలోనూ వేరుశనగ పొడో సాసో ఏదో రూపంలో ఉంటుంది. దాచిపెట్టింది ఎవరూ లేరు. వండేవాళ్లకు అది రుచి, అంతే.

సింగపూర్ పిల్లలకు ఏది పడదు అన్న ప్రశ్నకు జవాబు కాలంతో పాటు మారింది. 1990ల్లో నేషనల్ యూనివర్సిటీ ఆసుపత్రి వైద్యులు తిండి వల్ల తీవ్రమైన ప్రతిచర్యకు గురైన 124 మంది పిల్లల వివరాలు పరిశీలించి 1999లో ప్రచురించారు. మొదటి స్థానంలో ఉన్నది వేరుశనగ కాదు. 27 శాతం కేసులకు కారణం పక్షిగూడు. గుహల్లో ఒక జాతి చిన్న పక్షులు లాలాజలంతో అల్లే గూటిని చీనీ కుటుంబాల్లో బలానికని పిల్లలకు సూప్‌గా పెట్టేవారు. రొయ్యలు, పీతల వంటివి 24 శాతంతో తర్వాతి స్థానంలో ఉన్నాయి. ఆ తర్వాత గుడ్లు, పాలు. తర్వాతి దశాబ్దంలో కేకే ఆసుపత్రి వైద్యులు ఇలాంటి లెక్కే తీసి 2013లో ప్రచురించేసరికి వేరుశనగ పైకి వచ్చేసింది, పక్షిగూడు కిందికి దిగింది. ఊరు అదే, జనం వాళ్లే. పిల్లల నోటికి ఏ వయసులో ఏది అందుతోంది అన్నదే మారింది.

పెద్ద పిల్లల్లో మాత్రం రొయ్యలదే రాజ్యం. సింగపూర్, ఫిలిప్పీన్స్ బడుల్లో పిల్లల మీద లినెట్ షెక్ బృందం చేసి 2010లో ప్రచురించిన సర్వేలో సింగపూర్‌లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 5 శాతానికి పైగా రొయ్య, పీత జాతులు పడనివాళ్లు. వేరుశనగ పడనివాళ్లు అర శాతం లోపే. దీనికి వైద్యులు చెప్పే కారణాల్లో ఒకటి పరుపుల్లో, దిండ్లలో ఉండే దుమ్ముపురుగు. ఈ తేమ వాతావరణంలో అది విపరీతంగా పెరుగుతుంది. దాని ఒంట్లో ఉండే ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తికీ రొయ్య ఒంట్లోని దానికీ దగ్గర పోలిక. బొద్దింకలోనూ అదే ఉంది. పరుపులోని దుమ్ముకు శత్రుత్వం నేర్చుకున్న శరీరం రొయ్యను చూసి అదే శత్రువని పొరబడుతుంది. భీమవరం రొయ్యల మీద పెరిగిన తండ్రికి పుట్టి ఆంగ్ మో కియోలో పెరిగిన పిల్లవాడికి రొయ్య పడకపోవడంలో వింత లేదు.

‘మా వంశంలో ఎవరికీ లేదే’ అన్న మాట తెలుగు ఇళ్లలో తరచు వినిపిస్తుంది. వినేవాళ్లకు కష్టంగా ఉన్నా అది అబద్ధం కాదు. మైసూరు, బెంగళూరు ప్రాంతాల బడిపిల్లల మీద యూరోపియన్ పరిశోధక బృందంతో కలిసి జరిగిన అధ్యయనంలో నిజమైన తిండి ఎలర్జీ 0.14 శాతమే తేలింది, హాంకాంగ్‌లో 1.5 శాతం. కానీ వంశం ఒక్కటే లెక్క కాదు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రమంతటా బడిలో చేరే వయసు పిల్లలను పరిశీలిస్తే, ఆసియాలో పుట్టి అక్కడికి వచ్చిన పిల్లలకన్నా, ఆసియా తల్లిదండ్రులకు అక్కడే పుట్టిన పిల్లల్లో గింజల (నట్స్) ఎలర్జీ ఎక్కువగా కనిపించింది. ఒకే రక్తం, పుట్టిన నేల వేరు. కాబట్టి అనంతపురంలో చెనక్కాయలు నములుతూ పెరిగిన తాతయ్యను సాక్ష్యంగా తెచ్చి మనవడి ఎలర్జీని కొట్టిపారేయడం కుదరదు.

ఆ తాతయ్య అనుభవంలో ఒక నిజం లేకపోలేదు. లండన్‌లో గిడియన్ లాక్ బృందం ఇజ్రాయెల్ పిల్లలనూ బ్రిటన్‌లోని యూదుల పిల్లలనూ పోల్చి, పసితనం నుంచే వేరుశనగ చిరుతిండి తినే ఇజ్రాయెల్ పిల్లల్లో ఆ ఎలర్జీ పదో వంతేనని 2008లో చూపింది. ఆ మీదట 640 మంది పసిపిల్లలతో పరీక్ష చేసింది. తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు ఎలర్జీ ఉన్న, 4 నుంచి 11 నెలల పిల్లలు వాళ్లు. వేరుశనగ దూరం పెట్టిన గుంపులో అయిదేళ్లు వచ్చేసరికి 17.2 శాతానికి ఎలర్జీ వచ్చింది, పెట్టిన గుంపులో 3.2 శాతానికే. 2015లో వచ్చిన ఈ ఫలితం, ‘మూడేళ్లు వచ్చేదాకా పెట్టొద్దు’ అన్న పాత సలహాను తిరగరాసింది. అయితే ఇది ఎలర్జీ రాకుండా చూసే మార్గం, అదీ పసితనంలో, వైద్యుల పర్యవేక్షణలో. ఎలర్జీ వచ్చేసిన ఎనిమిదేళ్ల పిల్లకు ఇంట్లో ‘అలవాటు చేద్దాం’ అని కొంచెం కొంచెం పెట్టడానికి దీన్ని ఆధారంగా చూపకూడదు. ఈ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. నోటి ద్వారా క్రమంగా మోతాదు పెంచే చికిత్స ఉంది, కానీ అది ఆసుపత్రిలో మొదలు కావలసినది.

ఇక మన వంటగది. తెలుగువాళ్ల వంటలో వేరుశనగ ఎక్కడెక్కడ ఉందో లెక్క తీస్తే తల్లులే ఆశ్చర్యపోతారు. ఇడ్లీలోకి పల్లీ చట్నీ, పులిహోరలో వేయించిన పప్పు, గుత్తివంకాయ కూరలో నువ్వులతో కలిపి నూరిన పొడి, బెల్లం పట్టీ, పొడులు, తాలింపులు. గానుగ నూనె ఆరోగ్యమని ఈమధ్య ఊరి నుంచి డబ్బాలతో తెప్పించుకుంటున్నారు. బాగా శుద్ధిచేసిన వేరుశనగ నూనెలో మాంసకృత్తి దాదాపు మిగలదు, గానుగ నూనెలో మిగులుతుంది. ఎలర్జీ ఉన్న ఇంట్లో ఈ తేడా తెలిసి ఉండాలి. వేయించిన వేరుశనగ ఉడకబెట్టిన దానికన్నా ఎక్కువ ప్రతిచర్య తెస్తుందని పరిశోధనలున్నాయి, కానీ ఉడికినది క్షేమమని ఎవరూ అనలేదు. పాలు పడని పిల్లకు నెయ్యి కూడా నమ్మదగినది కాదు, కాచి వడపోసినా పాల మాంసకృత్తి జాడలు ఉంటాయి. ఇక నువ్వులు. సింగపూర్‌లో ప్యాకెట్ల మీద తప్పనిసరిగా చెప్పాల్సినవి ఎనిమిది రకాలు: గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్య పీతల జాతులు, గుడ్లు, చేపలు, వేరుశనగ సోయా, పాలు, బాదం జీడిపప్పు వంటి గింజలు, ఒక మోతాదు దాటిన సల్ఫైట్లు. ఈ జాబితాలో నువ్వులు లేవు. 2016లో నువ్వులు కలిసిన శాండ్‌విచ్ తిని నటాషా ఎడ్నన్ లపెరూజ్ అనే పదిహేనేళ్ల లండన్ అమ్మాయి విమానంలో కుప్పకూలి చనిపోయాక, అక్కడికక్కడే తయారుచేసి ప్యాక్ చేసే తిండి మీదా దినుసులన్నీ రాయాలని 2021 అక్టోబరు 1 నుంచి బ్రిటన్‌లో నటాషా చట్టం వచ్చింది. అమెరికా 2023 నుంచి నువ్వులను తన జాబితాలో చేర్చింది. నువ్వులు లేకుండా సంక్రాంతి ఎరగని తెలుగువాళ్లు ఈ విషయంలో అందరికన్నా ముందు కళ్లు తెరవాలి.

ఊరి నుంచి మూడు నెలలకు వచ్చిన అమ్మమ్మలకు, నానమ్మలకు ఈ సంగతి చెప్పడమే అన్నిటికన్నా కష్టం. మనవరాలి మీద ప్రేమ వాళ్ల చేతి ముద్దలోనే ఉంటుంది. ‘ఇంత ముక్క తింటే ఏమవుతుందే’ అన్నది మొండితనం కాదు, వాళ్ల రోజుల్లో ఈ జబ్బు వాళ్ల కంటపడలేదు. వాళ్లతో వాదించకుండా, పెన్ చేతికిచ్చి శిక్షణకు వాడే ఉత్తుత్తి పెన్‌తో ఒకసారి తొడ మీద ఒత్తించి చూపడమే మేలైన దారి. చేతితో చేసిన పని మరిచిపోరు.

ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఈ ప్రశ్న ఒకనాడు తలుపు తడుతుంది. 2020 నుంచి జగనన్న గోరుముద్ద పేరుతో ఉండి, 2024 నుంచి డొక్కా సీతమ్మ గారి పేరుతో నడుస్తున్న బడి భోజనంలో గుడ్లు, వేరుశనగ చిక్కీ ముఖ్యమైనవి. పేదపిల్లలకు అవి అమృతం, అందులో సందేహం అక్కర్లేదు. కానీ లక్షల పళ్లాల మధ్య గుడ్డు పడని పిల్ల ఒకరుంటే, ఆ సంగతి రాసుకునే గడి ఒకటి హాజరు పుస్తకం పక్కన ఉండాలి. భారతదేశంలో అడ్రినలిన్ ఆటో ఇంజెక్టర్ మందుల షాపులో అడగ్గానే దొరికే వస్తువు కాదు. చాలా చోట్ల ఆంప్యూల్, సిరంజీనే గతి. సింగపూర్‌లో పెన్ దొరికే తల్లిదండ్రులకు ఉన్న వెసులుబాటు ఎంత పెద్దదో దీన్నిబట్టి తెలుస్తుంది.

శరీరంలో జరిగేది ఏమిటో తెలిస్తే పెన్ ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది. మనిషి రక్తంలో ఐజీఈ అనే ప్రతిరక్షకం ఉందని 1966లో ఇషిజాకా దంపతులు కనిపెట్టారు. ఎలర్జీ ఉన్న పిల్లల్లో ఈ ఐజీఈ వేరుశనగనో పాలనో గుర్తుపట్టి, మాస్ట్ కణాల మీద కాపలా కూర్చుని ఉంటుంది. ఆ తిండి కణం తగలగానే మాస్ట్ కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలు ఒక్కసారిగా కుమ్మరిస్తాయి. దద్దుర్లు, పెదవులు వాచడం, వాంతులు, గొంతు బొంగురుపోవడం, పిల్లికూతలు, చివరికి రక్తపోటు పడిపోవడం. వాంతితోనో దగ్గుతోనో మొదలై దద్దుర్లు అసలే కనిపించకపోవచ్చు కూడా. ఇక్కడే టీచర్లు మోసపోతారు. ఎవిల్ మాత్రో సిట్రిజినో దురదను తగ్గిస్తుంది, ఊపిరి తిరిగి ఇవ్వదు. 1901లో జపాన్ శాస్త్రవేత్త జోకిచి టకమినె వేరుచేసి చూపిన అడ్రినలిన్ ఒక్కటే ఒక్కసారిగా శ్వాసనాళాలను తెరిచి, రక్తనాళాలను బిగించి, గుండెకు ఊతమిస్తుంది. బ్రిటన్‌లో రిచర్డ్ పంఫ్రీ అనే వైద్యుడు ఎలర్జీ మరణాలను ఏళ్ల తరబడి పరిశీలించారు. తిండి వల్ల జరిగినవాటిలో ఊపిరో గుండో ఆగడానికి పట్టిన సమయం సగటున అరగంట. సరిగ్గా ఒక రీసెస్ అంత.

చేయవలసింది ఇంతే. నీలం మూత తీసి, నారింజ రంగు కొసను తొడ బయటి వైపు మధ్య భాగంలో, యూనిఫాం మీంచే, గట్టిగా ఒత్తాలి. టిక్కుమన్నాక మూడు సెకన్లు అలాగే పట్టి ఉంచాలి. పిల్లను పడుకోబెట్టి కాళ్లు ఎత్తాలి, ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టాలి. 995కు ఫోన్ చేయాలి. అయిదు నిమిషాలకీ తేరుకోకపోతే రెండో పెన్. అప్పుడు తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లి కొన్ని గంటలు ఉంచాలి, ఎందుకంటే కొందరిలో అదే ప్రతిచర్య మళ్లీ తిరగబెడుతుంది. సిక్ బేకి నడిపించకూడదు. పంఫ్రీయే గమనించారు, పడుకుని ఉన్న మనిషిని లేపి నిలబెట్టగానే ప్రాణం పోయిన సంఘటనలున్నాయి. సబ్రీనా కూడా నడిచే వెళ్లింది. పిల్లను పెన్ దగ్గరికి కాదు, పెన్‌ను పిల్ల దగ్గరికి తేవాలి.

బడిలో వేరుశనగను పూర్తిగా నిషేధిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. అమెరికాలో మసాచుసెట్స్ బడుల లెక్కలు తీసి 2017లో ప్రచురించిన పరిశోధన దీని మీద కొంత వెలుగు వేసింది. వేరుశనగ నిషేధించామని చెప్పుకునే బడుల్లో ఇంజెక్షన్ వాడకం తగ్గలేదు. ఎలర్జీ పిల్లలకని వేరుశనగ తగలని బల్లలు విడిగా పెట్టిన బడుల్లో తక్కువగా కనిపించింది. నిషేధం బోర్డు పెట్టాక అందరూ నిశ్చింతగా ఉంటారు, ఆ నిశ్చింతే ప్రమాదం. 2021లో కెనడా వైద్యురాలు సుసాన్ వాసర్‌మన్ నాయకత్వంలో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా బడి అంతటా నిషేధాలకన్నా సిబ్బంది శిక్షణ, బడిలోనే సిద్ధంగా ఉంచే పెన్‌ల మీద దృష్టి పెట్టమన్నాయి. బల్ల విడిగా వేస్తే పిల్ల ఒంటరి అవుతుందన్న బాధ నిజమే. ఆ బల్ల దగ్గరికి అవే దినుసులు లేని తిండి తెచ్చుకున్న స్నేహితులెవరైనా కూర్చోవచ్చన్న ఏర్పాటు ఉంటే ఆ బాధ చాలావరకు పోతుంది.

చేతుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చేత్తో తినే పిల్లలకు ఇది మరీ అవసరం. వేరుశనగ జిడ్డు చేతుల మీంచి ఎలా పోతుందో 2004లో అమెరికా పరిశోధకులు పరీక్షించారు. సబ్బు నీళ్లతోనూ, తడి తుడుపు గుడ్డలతోనూ పోయింది. హ్యాండ్ శానిటైజర్ రాసుకున్నవాళ్ల చేతుల్లో సగం మందికి ఇంకా మిగిలే ఉంది. కోవిడ్ తర్వాత ప్రతి క్లాసు గుమ్మం దగ్గరా సీసా ఉంది. అది సూక్ష్మక్రిముల మందు, వేరుశనగకు మందు కాదు. రీసెస్ తర్వాత క్లాసంతా కొళాయి దగ్గర నిలబడితే పట్టేది అయిదు నిమిషాలు.

ఏటా జూలై 21న సింగపూర్ బడుల్లో జాతుల సామరస్య దినం జరుపుతారు. 1964 అల్లర్లను తలుచుకునే రోజు అది. పిల్లలు పట్టుపావడాలు, బాజు కురుంగ్‌లు, చియోంగ్సామ్‌లు కట్టుకుని, ఒకరింటి తినుబండారాలు ఒకరు రుచి చూస్తారు. అంతకన్నా అందమైన రోజు బడిలో మరొకటి ఉండదు. ఎలర్జీ పిల్లకు అంతకన్నా ప్రమాదమైన రోజూ ఉండదు. దీపావళి, పుట్టినరోజు పంపకాలూ అంతే. వద్దంటే తోటివాళ్లు చిన్నబుచ్చుకుంటారు, తింటే ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఇరకాటంలోకి ఏడేళ్ల పిల్లను ఎందుకు నెట్టాలి? పంపే ప్రతి డబ్బా మీద దినుసులు ఇంగ్లీషులో రాసి అంటించడం, తెలుగు కుటుంబాలు మొదలుపెడితే తక్కిన వాళ్లూ అందుకుంటారు. ఏ దినుసులున్నాయో తెలియనప్పుడు స్టిక్కర్లో, పెన్సిళ్లో పంచవచ్చు. పిల్లలకు తీపికన్నా స్టిక్కర్లే ఇష్టం.

బడికి చెప్పడం మాటతో సరిపోదు. ఫారం టీచరుకు చెప్పాం అని తల్లిదండ్రులు నిశ్చింతగా ఉంటారు. ఆ టీచరు సెలవు పెట్టిన రోజు వచ్చే రిలీఫ్ టీచరుకు తెలియదు. మధ్యాహ్నం సీసీఏ (పాఠ్యేతర కార్యక్రమాలు) నడిపే కోచ్‌కు తెలియదు. ప్రైమరీ ఫైవ్ క్యాంపులో రాత్రి భోజనం తెచ్చే కేటరర్‌కు అసలే తెలియదు. అందుకే వైద్యుడు సంతకం చేసిన ఒక్క పేజీ ప్రణాళిక కావాలి. పిల్ల ఫోటో, పడని తిండి, కనిపించే లక్షణాలు, పెన్ ఎక్కడుంది, ఎవరు ఇస్తారు, ఎవరికి ఫోన్ చేయాలి. దాని నకలు క్లాసులో, ఆఫీసులో, క్యాంటీన్‌లో, క్యాంపు సంచిలో ఉండాలి. స్టాల్ ఆంటీలకు మాండరిన్, మలయ్, తమిళం, ఇంగ్లీషుల్లో ఫోటోతో ఒక చిన్న కార్డు ఇస్తే వాళ్లు ఎంత శ్రద్ధగా చూసుకుంటారో! ఆంటీలను నిందించడం తేలిక. వాళ్లకు కావలసిన సమాచారం వాళ్ల భాషలో ఇవ్వడం తల్లిదండ్రుల పని, బడి పని. ఈమధ్య కొన్ని బడుల్లో స్టాళ్ల బదులు సెంట్రల్ కిచెన్ నుంచి ముందే చెప్పిన భోజనం డబ్బాల్లో వస్తోంది. వేడివేడి తిండి పోయిందని కొందరికి బెంగ. ఎలర్జీ పిల్లల కోణంలో చూస్తే, దినుసుల జాబితా ముందుగా చేతికొచ్చే అవకాశం అది. తల్లిదండ్రులు అడిగి తీసుకోవాలి.

పెన్‌కు కూడా వయసుంటుంది. కొన్ననాటి నుంచి గడువు సాధారణంగా ఏడాది, ఏడాదిన్నరే. 25 డిగ్రీలకు మించని చోట, ఫ్రిజ్‌లో కాకుండా పెట్టాలి. పరేడ్ స్క్వేర్ ఎండలో వరుసగా పేర్చిన బ్యాగుల్లో, పార్కింగ్‌లో ఆగిన కారులో అది పాడవుతుంది. 2017లో లండన్‌లో పదమూడేళ్ల పంజాబీ కుర్రాడి మీదికి తోటి పిల్లవాడొకడు ఆటగా చీజ్ ముక్క విసిరాడు. ఆ కుర్రాడికి పాలు పడవు, ప్రాణం పోయింది. చర్మానికి తగిలినదే అంత తీవ్రమైన ప్రతిచర్య తేవడం వైద్యులకే అరుదైన సంగతి. తర్వాతి విచారణలో బయటపడిందేమంటే బడిలో ఉంచిన అతని పెన్ గడువు తీరి నెలలు గడిచింది. విసిరిన పిల్లవాడికి ఎలర్జీ అంటే ప్రాణం పోయేదని తెలియదు. తెలిసి చేసే పిల్లలు చాలా తక్కువ. ఎలర్జీ ఉన్న పిల్లకు చెప్పే పాఠంలో సగమైనా క్లాసులోని తక్కిన ముప్ఫైతొమ్మిది మందికి చెప్పాలన్నది అందుకే.

టీనేజీలో మరో చిక్కు. సెకండరీ బడికి వెళ్లాక పెన్ మోయడం నామోషీ అనిపిస్తుంది. స్నేహితుల ముందు ‘ఇందులో ఏముంది’ అని అడగడానికి మొహమాటపడతారు. ప్రాణాపాయ సంఘటనల్లో ఈ వయసువాళ్లు ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణమని వైద్యులు అంటారు. వాళ్లను భయపెట్టడంకన్నా, దగ్గరి స్నేహితులు ఇద్దరికి పెన్ వాడటం నేర్పడం పనికొస్తుంది.

ఇక సింగపూర్‌లో తల్లిదండ్రులు అడగవలసిన విషయం ఒకటుంది. ఒక్కో పిల్ల పెన్ కాకుండా, బడి పేరు మీదే కొన్ని పెన్‌లు ఉండాలి. మసాచుసెట్స్ బడుల్లో ఇంజెక్షన్ ఇవ్వవలసి వచ్చిన సందర్భాల్లో దాదాపు నాలుగో వంతు, ఎలర్జీ ఉందని అంతకుముందు ఎవరికీ తెలియని వాళ్లవి. మొదటి ప్రతిచర్య బడిలోనే వచ్చిన పిల్లలు వాళ్లు. వాళ్ల పేరుతో పెన్ ఎక్కడ ఉంటుంది? అమెరికాలో బడులు పెన్‌లు నిల్వ ఉంచుకునేలా రాష్ట్రాలను ప్రోత్సహించే చట్టం మీద 2013 నవంబరులో ఒబామా సంతకం చేశారు. బ్రిటన్‌లో 2017 అక్టోబరు నుంచి బడులు ప్రిస్క్రిప్షన్ లేకుండానే పెన్ కొనుక్కోవచ్చు. ఆంగ్ మో కియోలో బ్లాకు కింద లిఫ్టు దగ్గర గోడకు గుండె ఆగినవాళ్లను బతికించే ఏఈడీ పెట్టె ఉంటుంది. 2015లో పౌర రక్షణ దళం మొదలుపెట్టిన పథకం కింద రెండు హెచ్‌డీబీ బ్లాకులకు ఒకటి చొప్పున పెట్టుకుంటూ వచ్చారు. ఎవరికి అవసరమవుతుందో ముందు తెలియకపోయినా, ఎవరికో అవసరమవుతుందని పెట్టారు. వాడటం ఎలాగో బొమ్మలతో దాని మీదే ఉంది. ప్రైమరీ బడి క్యాంటీన్‌లో, చేతులు కడుక్కునే కొళాయిల పక్కన, పిల్లల మోతాదు 0.15 మిల్లీగ్రాముల పెన్‌లు రెండు, పెద్ద మోతాదు 0.3వి రెండు, నీడపట్టున అలాంటి పెట్టెలోనే పెట్టవచ్చు. గడువు తేదీ చూసే బాధ్యత ఒకరికి పేరుపెట్టి అప్పగించవచ్చు. కొత్త విద్యాసంవత్సరం జనవరిలో మొదలవుతుంది. అంతకుముందు జరిగే తల్లిదండ్రుల సమావేశంలో ఈ కోరికను తెలుగు కుటుంబాలు లిఖితపూర్వకంగా ఇస్తే, మలయ్, చీనీ, తమిళ కుటుంబాలు కూడా కింద సంతకం పెడతాయి. పక్షిగూడు పడని పిల్లలను పెంచినవాళ్లకు, రొయ్య పడని పిల్లలను పెంచుతున్నవాళ్లకు ఎవరూ కొత్తగా వివరించనక్కర్లేదు.